అందరి చేతికీ ఒక తాడు

నా సర్వీసంతా నేను అన్న మాటల్లో సగం "చెయ్యి తియ్యి" అన్నదే. మిగతా సగం టీ చెప్పమనడం. విజయవాడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ వర్క్‌షాపులో హెల్పరుగా చేరి, హెడ్ మేస్త్రీగా రిటైరయ్యాను. నా వెనకాల అందరూ నన్ను 'చెయ్యి తియ్యి మేస్త్రీ' అనేవాళ్ళు. ఎదురుగా ఉంటే చివర గారు తగిలించేవాళ్ళు. ఆ పేరంటే నాకు కోపం వచ్చేదని వాళ్ళనుకున్నారు గానీ, నిజానికి లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఇప్పుడు ఆటోనగర్‌లోనో మరో చోటో స్పానర్ పట్టుకుంటున్న కుర్రవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకి ముందే ఒక సంగతి చెప్పాలి. ఇంజను ఎత్తడం కష్టం కాదు. గట్టి దూలం, గొలుసు లాగితే బరువు లేపే మంచి చైన్ బ్లాక్, సరిగ్గా కట్టిన గొలుసు ఉంటే, అర టన్ను ఇంజన్ని ఒక్క మనిషి నిలబడి చెమట పట్టకుండా ఎత్తెయ్యచ్చు. కష్టమంతా చుట్టూ నిలబడ్డ జనంతోనే.

మా కృష్ణా జిల్లాలో ఎక్కడైనా బరువు లేస్తుంటే చేతులు కట్టుకుని చూడటం పెద్ద తప్పు. పెళ్ళి పందిరికి గుంజ ఎత్తుతున్నా, లారీలోంచి బీరువా దించుతున్నా, దారినపోయేవాడు కూడా సైకిలు స్టాండు వేసి వచ్చి ఓ చెయ్యి వెయ్యాల్సిందే. మా చర్చిలో ఎవరైనా పోతే, పెట్టె మోసేవాళ్ళు మోస్తుంటారు, మిగతావాళ్ళం పక్కన నడుస్తూ ఒక చెయ్యి దానికి తగిలించి నాలుగడుగులు వేస్తాం. ఆ చేతుల వల్ల బరువేమీ తగ్గదు. తగిలించకపోతే మాత్రం మనిషి కాడని అనుకుంటారు. చాలా మంచి అలవాటు. గొలుసుకి వేలాడుతున్న ఇంజను దగ్గర మాత్రం ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకోటి లేదు.

ఈ సంగతి నాకు నేర్పింది మా వర్క్‌షాపు వెల్డరు. ముస్లిం, నా ఈడువాడే. అందరం భాయ్ అనేవాళ్ళం. ఒకరోజు లారీ ఛాసిస్ మీదికి ఇంజను దించుతున్నారు. నేను పక్కనున్న గుంతలో వేరే బండి కింద ఉన్నాను. భాయ్‌కి ఆ పనితో సంబంధమే లేదు, టీ తాగి తన వెల్డింగు దగ్గరికి పోతున్నాడు. దారిలో ఇంజను కొంచెం పక్కకి తిరిగినట్టు కనిపిస్తే, కాస్త సర్దుదామని చెయ్యేశాడు. అతన్ని వెయ్యమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా భాయ్ మారలేదు, అదీ విచిత్రం. మిగిలిన మూడు వేళ్ళతోనే వచ్చి మళ్ళీ ప్రతి బరువు మీదా చెయ్యేసేవాడు. "అలవాటు మేస్త్రీ, చెయ్యి దానంతటదే పోతది," అని నవ్వేవాడు. మారింది నేను. హెడ్ మేస్త్రీనయ్యాక ఇంజను లేస్తుందంటే చాలు, ఇరవై గజాల్లో ఎవడి చెయ్యి కదిలినా కేకేసేవాణ్ణి. మేనేజరు మీద కూడా కేకేశాను. వర్క్‌షాపు కాబట్టి చెల్లింది. అక్కడ అందరూ నా మాట వినాలి, వినకపోతే వాళ్ళ డ్యూటీ మారిపోతుంది.

రిటైరయ్యాక చేతులు ఊరుకోక పటమటలో మా ఇంటి వెనక ఒక షెడ్డు వేసుకున్నాను. కాంక్రీటు దిమ్మెల మీద రెండు ఇనప స్తంభాలు, పైన అడ్డంగా దూలం, దానికొక చైన్ బ్లాక్. షెడ్డులో ఓ మూల చర్చి వాళ్ళ షామియానా, గుంజలు, తాళ్ళు ఉంటాయి. వాటికి కాపలా మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య. ఆయన చర్చిలో సంఘ పెద్ద. మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో దేవుడి తర్వాత మాట బావగారిదే. నేను ఎక్కడో వెనక బెంచీలో ఉంటాను.

కిందటి ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే భాయ్ ఫోన్ చేశాడు. గొంతు విని ఎవరో పోయారనుకున్నాను.

"మేస్త్రీ, జనరేటరు ఇంజను పట్టేసింది. నీ దగ్గరికి తెస్తన్నా. కాదనమాక," అన్నాడు.

భాయ్ కూతురు విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. రొయ్య గురించి పిల్లలకి చెప్పీ చెప్పీ, ఇంత తెలిసినదాన్ని నేనే పెంచకూడదా అనుకుని, ఉద్యోగం మానేసి హనుమాన్ జంక్షన్ అవతల చెరువు కౌలుకి తీసుకుంది. ఆడపిల్లకి చెరువేమిటని బంధువులంతా తలో మాటా అన్నారు. భాయ్ ఒక్కడే వెనక నిలబడి తన పొదుపంతా తెచ్చి అందులో పోశాడు. అది మొదటి పంట. రొయ్య చక్కగా ఎదిగింది, ఆ వారంలోనే పట్టుబడి, అంటే వలేసి రొయ్యలు పట్టడం. సరిగ్గా అప్పుడే జనరేటరు ఇంజను ఆగిపోయింది.

రొయ్యల చెరువు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట. చెరువులో గాలి కలపడానికి నీళ్ళ మీద చక్రాలు తిరుగుతూ ఉంటాయి. ఏరియేటర్లు అంటారు. కరెంటు పోతే వాటిని తిప్పేది జనరేటరే. అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక గట్టు వెంట చేరతాయి, తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. ఆ రోజుల్లో కరెంటు ఇష్టం వచ్చినప్పుడు పోతోంది. ఒక పెళ్ళిళ్ళ డెకరేషన్ ఆయన్ని బతిమాలి జనరేటరు తెచ్చి పెట్టుకున్నారు గానీ, సోమవారం సాయంత్రం దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి. అవతల ఎవరిదో రిసెప్షన్.

ఆదివారం కావడంతో ఆటోనగర్ మూసేసి ఉంది. క్రేను ఆయన ఊళ్ళో లేడు, ఉన్నా మా సందులోకి కరెంటు తీగల కింద నుంచి క్రేను దూరదు. చెరువు గట్టు మీద ఇంజను విప్పి రిపేరు చేసే వీల్లేదు. కాబట్టి మా షెడ్డే దిక్కు.

మేము చర్చి నుంచి వచ్చేసరికి చిన్న ట్రక్కు మా ఇంటి ముందు ఆగి ఉంది. వెనక ఇంజను, దాని పక్కన భాయ్, ముందు డ్రైవరు పక్కన కూతురు. ఆ అమ్మాయి కళ్ళు చూస్తే నిద్రపోయి ఎన్నాళ్ళైందో అనిపించింది.

"ఎలా ఎక్కించారమ్మా దీన్ని?" అనడిగాను.

"వెదురు గడలు కట్టి, పదిమంది చెయ్యేసి ఎత్తారు అంకుల్," అంది.

"ఒక్కళ్ళకి గీత పళ్ళేదు మేస్త్రీ!" అన్నాడు భాయ్ గర్వంగా, మూడు వేళ్ళ చెయ్యి ఊపుతూ.

ఆదివారం మా ఇంట్లో భోజనానికి బావగారు, పాస్టరు గారు వచ్చి ఉన్నారు. పక్కింట్లో రిటైరైన బ్యాంకు ఆఫీసరు గారు ఉంటారు, చాలా సాధువు, ట్రక్కు చప్పుడు విని ఆయనా వచ్చారు. డ్రైవరు ట్రక్కుని వెనక్కి నడిపి షెడ్డులో దూలం కిందికి తెచ్చాడు. పథకం చాలా సులువు. చైన్ బ్లాక్‌తో ఇంజన్ని కాస్త పైకి లేపితే, కింద నుంచి ట్రక్కు ముందుకి వెళ్ళిపోతుంది, తర్వాత ఇంజన్ని స్టాండు మీదికి దించుతాం.

గొలుసు కట్టాను. కొక్కెం చూశాను. లాగడం మొదలుపెట్టాను. ఇంజను నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. అక్కడ ఆపి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం నా పద్ధతి. తలెత్తి చూశాను.

చేతులు. ఎక్కడ చూసినా చేతులే. భాయ్ చెయ్యి ఇంజను అడుగున ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నట్టు దాని నెత్తి మీద అరచెయ్యి పెట్టారు. బ్యాంకు ఆఫీసరు గారు మొహమాటంగా ఒక్క వేలు ఆనించారు. మా బావగారి చెయ్యైతే, సరిగ్గా ఇంజనుకీ ఇనప స్తంభానికీ మధ్యలో ఉంది. ఆ ఇంజను పిసరంత ఊగితే ఆ చెయ్యి ఇక చెయ్యిగా ఉండదు.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను. వర్క్‌షాపు గొంతుతో అరిచాను. వీధి చివర ఇస్త్రీ బండి అతను కూడా తన చెయ్యి తీసేశాడని తర్వాత తెలిసింది.

అందరూ తీసేశారు. ఇంజన్ని మెల్లగా ట్రక్కు మీదే దించేశాను. బావగారు కండువా దులుపుకున్నారు.

"సాయానికొచ్చినవాణ్ణి పాస్టరు గారి ముందు పశువుని అదిలించినట్టు అదిలించావు. సరే. నా చేతులు నీకు అక్కర్లేదు," అని వెళ్ళి గేటు బయట అరుగు మీద కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. ఆయనకి ఆకలి లేకపోవడమంటే మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఏవండీ, ఇదేం మీ వర్క్‌షాపనుకున్నారా? మా అన్నయ్య మీ దగ్గర జీతానికున్నాడా?"

"చెయ్యి పోయేదే పిచ్చిదానా!"

"పోయేదే, నేను కాదన్లేదు. ఆ మాట చెప్పే తీరు అదేనా? అయినా మీరు తియ్యమంటే తీస్తారు, మీరు తల తిప్పగానే మళ్ళీ పెడతారు. మీ భాయ్ గారిని చూడట్లా ఇన్నేళ్ళుగా?"

"అయితే ఏం చెయ్యమంటావు? కట్టేసి కూర్చోబెట్టనా?"

మా ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. మా చర్చిలో ప్రేమవిందు జరిగితే పలావు గుండిగ దగ్గర ఉండేది ఆవిడే. అంత పెద్ద గుండిగలో మసాలా కుతకుతా ఉడుకుతుంటే, సంఘంలో ఆడవాళ్ళంతా సాయం చేస్తామంటూ పొయ్యి చుట్టూ మూగుతారు. చీర చెంగులు, చిన్నపిల్లలు, మంట. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్కరికి చురుక్కుమన్నది లేదు. అదెలాగో నేనెప్పుడూ అడగలేదు. వంటింటి వ్యవహారం కదా అని ఊరుకున్నాను.

"పొయ్యి దగ్గరికి రావద్దంటే మనసు కష్టపెట్టుకుంటారండి. అందుకని నేనెవర్నీ వద్దనను. వచ్చినవాళ్ళ ముందల్లా ఒక పళ్ళెం, కాసిన్ని వెల్లుల్లి పాయలు పెట్టి, అమ్మా ఆ చాప మీద కూర్చుని ఇవి వలిచిపెట్టండి, మీరు లేకపోతే నాకు తెమలదు అంటాను. చాప ఎక్కడెయ్యాలో నాకు తెలుసుగా," అంది.

జీవితమంతా నేను అరిచిన అరుపులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గొంతు పాడుచేసుకున్నదంతా వృథా అనిపించింది, నవ్వు కూడా వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టే ఇంజను మీదికి పోతున్నాయి. వాటికి పట్టుకోవడానికి ఏదైనా ఇస్తే సరి.

నిజానికి మా పనిలో ఆ పద్ధతి ఉంది. పెద్ద పెద్ద చోట్ల, క్రేనుతో బరువులెత్తేటప్పుడు బరువుకి తాళ్ళు కట్టి దూరం నుంచి పట్టుకుంటారు, అది తిరగకుండా, ఊగకుండా. మా వర్క్‌షాపులో అంత జాగా లేదని ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా ఆ పద్ధతి గురించి వినడమే గానీ వాడలేదు. వెల్లుల్లి పాయల దాకా వచ్చాక గానీ అది నా బుర్రకి తట్టలేదు.

షెడ్డులోకి వెళ్ళి చర్చి షామియానా తాళ్ళు తీశాను. మంచి నైలాన్ తాళ్ళు, పొడుగైనవి. ఇంజనుకి ముందొకటి, వెనకొకటి కట్టాను. తర్వాత గేటు దగ్గరికి వెళ్ళాను.

"బావగారూ, మీరు రాకపోతే ఇంజను లేవదండీ."

"నా చేతులు అక్కర్లేదన్నావుగా."

"చేతులు కావాలండీ. ఆ చివర కావాలి," అని తాడు కొస చూపించాను.

ఆయన తాడు వంక చూశారు, నా వంక చూశారు. లోపల నుంచి మా ఆవిడ, "అన్నయ్యా, చర్చి తాళ్ళు. నువ్వు లేకుండా వాటిని ఎవరి చేతికి ఇస్తాడు ఆయన?" అంది. ఆయన లేచి కండువా నడుముకి చుట్టారు.

ముందు తాడు దగ్గర బావగారు, పాస్టరు గారు. వెనక తాడు దగ్గర భాయ్, బ్యాంకు ఆఫీసరు గారు. భాయ్ కూతుర్ని ట్రక్కు డ్రైవరు కిటికీ దగ్గర నిలబెట్టాను, నేను కదలమంటేనే బండి కదలాలని చెప్పడానికి. అందరికీ నా నియమాలు చెప్పాను. లేపడం, దించడం నా ఒక్కడి మాట మీదే జరగాలి. ఆపమని మాత్రం ఎవరైనా అనచ్చు, చిన్నా పెద్దా లేదు. తాడు చేతికి చుట్టుకోకూడదు, పట్టుకోవాలంతే. నేను వదలమనేదాకా ఎవరూ వదలకూడదు.

"ఎవరన్నా వదిలితే?" అన్నారు బ్యాంకు ఆఫీసరు గారు భయంగా.

"మీరు వదలరులెండి," అన్నాను.

ఈసారి లాగుతుంటే తేడా నాకు తెలిసింది. ఇంజను లేచింది, ఆగింది. కొక్కెం, గొలుసు, దూలం చూశాను. చుట్టూ చూశాను. ఇంజను చుట్టూ ఖాళీ. ఒక్క చెయ్యి లేదు. అన్ని చేతులూ దూరంగా తాడు మీద ఉన్నాయి, అందరి మొహాల్లోనూ పెద్ద పని చేస్తున్న గంభీరం ఉంది. ఇంకొంచెం లేపి, ట్రక్కు ముందుకి పోవచ్చని అమ్మాయికి సైగ చేశాను.

డ్రైవరు గేరు వేశాడు. ముందుకి వెయ్యాల్సింది, తొందరలో రివర్స్ వేశాడు. ట్రక్కు ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి, తొట్టి అంచుతో ఇంజన్ని కొట్టింది. ఇంజను ఊగి, ఠంగుమని ఇనప స్తంభానికి తగిలింది.

సరిగ్గా అక్కడే. ఇందాక బావగారి చెయ్యి ఉన్నచోటే.

"ఆపండి!" అని అమ్మాయి అరిచింది. ట్రక్కు ఆగింది. ఇంజను మళ్ళీ ఇటు ఊగబోయింది. "రెండు తాళ్ళూ బిగించండి!" అన్నాను. బావగారు మడమలు నేలకి తన్నిపెట్టి వెనక్కి వాలారు. పాస్టరు గారు ఆయన వెనకే. అటు వైపు భాయ్ మూడు వేళ్ళతో, రెండో చేత్తో తాడుని పట్టుకుని పళ్ళు బిగించాడు. ఇంజను కాసేపు ఇటూ అటూ తారట్లాడి నిలబడిపోయింది. ఎవరూ దాని దగ్గరికి పరిగెత్తలేదు. పరిగెత్తాలంటే తాడు వదలాలి, తాడు వదలమని నేను చెప్పలేదు.

ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. నా సర్వీసులో ఎన్ని ఇంజన్లు ఎత్తానో నాకే గుర్తులేదు గానీ, అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టేసుకున్నాడు. అతన్ని ఏమీ అనలేదు. మంచినీళ్ళిచ్చి, కాస్త స్థిమితపడ్డాక ట్రక్కుని మెల్లగా ముందుకి నడిపించాను. ఇంజన్ని స్టాండు మీద దించి, "వదలండి" అన్నాను. పాస్టరు గారు "స్తోత్రం" అన్నారు. భాయ్ "అల్లా" అన్నాడు. బ్యాంకు ఆఫీసరు గారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

బావగారు స్తంభం దగ్గరికి వెళ్ళారు. పెయింటు లేచిపోయి, ఇనుము సొట్టపడి ఉంది. ఆ సొట్ట మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నారు. భాయ్ కూడా వచ్చి పక్కన నిలబడి తన చేతిని, ఆ సొట్టని మార్చి మార్చి చూశాడు. కాసేపటికి బావగారు ఇంట్లోకి తిరిగి, "చెల్లాయ్, అన్నం పెట్టు," అని కేకేశారు. మా ఆవిడ ముందే పళ్ళేలు వేసి ఉంచింది.

రిపేరు సంగతి పెద్దగా చెప్పను. ఆయిల్ పంపు అరిగి, ఆయిలందక బేరింగులు పట్టేశాయి. క్రాంకు మీద గీతలు పడలేదు, అది ఆ అమ్మాయి అదృష్టం. స్పేర్ పార్టుల షాపాయన భాయ్ కోసం సోమవారం పెందలాడే షట్టరు తీశాడు. పాత రోజుల్లోలాగే నేనూ భాయ్ ఇంజనుకి చెరోవైపూ కూర్చుని, ఒకరినొకరు తిట్టుకుంటూ మధ్యాహ్నానికల్లా బిగించేశాం. మళ్ళీ ట్రక్కు ఎక్కించేటప్పుడు బావగారు నేను పిలవకుండానే వచ్చి, ముందు తాడు తీసుకుని తన చోట నిలబడ్డారు. ఎక్కించాక, "అక్కడ దించాలిగా, నేనూ వస్తా," అని నా వెనకాల స్కూటరెక్కారు. చర్చి తాళ్ళు ఆయన లేకుండా ఊరు దాటవట.

హనుమాన్ జంక్షన్ దాటి చెరువుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. డెకరేషన్ వాళ్ళ బండి గట్టు మీద సిద్ధంగా ఉంది. వాళ్ళ జనరేటరు తీసుకుపోతే ఇక కరెంటే దిక్కు, ఆ కరెంటు మేం వచ్చేసరికే పోయి ఉంది. నేను మూడు ఇనప పైపుల ముక్కాలి, చైన్ బ్లాక్ వెంట తెచ్చాను. ట్రక్కు ఆగగానే నేను భయపడ్డదే జరిగింది. చుట్టుపక్కల చెరువుల మీద పనిచేసేవాళ్ళంతా, లుంగీలు ఎగ్గడుతూ, "రండ్రా, ఓ చెయ్యేద్దాం," అంటూ పరిగెత్తుకొచ్చారు. మంచి మనుషులు. ఆ అమ్మాయి పంట బతకాలని వాళ్ళకీ ఉంది.

అరవడానికి నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఇంకో గొంతు లేచింది.

"చెయ్యి తియ్యండి! ఎవరూ దగ్గిరికి రామాకండి!"

భాయ్. భుజాన తాళ్ళ చుట్ట వేసుకుని, ఇంజనుకీ జనానికీ మధ్య నిలబడ్డాడు. మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇది చూశారా? దగ్గిరికొచ్చి చెయ్యేసినందుకు. సాయం చేసేవోళ్ళు తాడు పట్టుకోండి. ఇదీ సాయమే. మేస్త్రీ గారు చెప్పిందాకా వదలమాకండి," అని తలా ఒక కొస అందించాడు. ఇన్నేళ్ళుగా భాయ్‌కి నేను చెప్పలేకపోయింది అదే.

ఇంజను ముక్కాలి కింద లేచి, దిమ్మె మీద దాని బోల్టులు దాని రంధ్రాల్లో దూరేలా కూర్చుంది. బిగించాం. తాళ్ళు విప్పేశాం. ఆయిలు, నీళ్ళు, వైర్లు చూశాక, డెకరేషన్ వాళ్ళ జనరేటరు ఆపించి, "నువ్వే స్టార్ట్ చెయ్యమ్మా," అన్నాను. ఆ అమ్మాయి బిస్మిల్లా అనుకుని తాళం తిప్పింది.

ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. ఆ చప్పుడు విని అందులో ఏ లోపమూ లేదని నాకు అర్థమైంది. చెరువులో చక్రాలు ఒకటొకటిగా కదిలి, తెల్లగా నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి. సాయంత్రపు ఎర్రటి వెలుగులో ఆ తుంపర్లు గట్టు దాకా వచ్చి మా మొహాల మీద పడ్డాయి. జనం ఈలలేశారు. అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ భాయ్‌ని పట్టుకుంది. "ఆడపిల్లకి చెరువేంటన్నారుగా, రమ్మను వాళ్ళని, వచ్చి చూసుకోమను!" అని భాయ్ చెరువుకంతా వినపడేలా అరిచాడు. ఆ వారం పట్టుబడికి వెళ్ళి నేనూ చూశాను. రొయ్య ఒక్కోటి నా చూపుడువేలంత ఉంది.

ఇంటికి బయలుదేరదామని బావగారి కోసం వెతికాను. జనంలో లేరు. ట్రక్కు దగ్గర లేరు. చూస్తే గట్టు చివర, నేను నిలబడమన్న చోటే, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నారు. తాడు అవతలి కొస ఇంజను నుంచి ఎప్పుడో విప్పేశాం, అది బురదలో పడి ఉంది. ఇవతలి కొస మాత్రం ఆయన రెండు చేతుల్లోనూ బిగుసుకుని ఉంది.

"ఏంటి బావగారూ, ఇంకా పట్టుకునే ఉన్నారు?"

"నువ్వు వదలమనలేదుగా," అన్నారు.

నిజమే. ఆ సంతోషంలో ఆ మాట చెప్పడం మర్చిపోయాను.

"వదలండి బావగారూ," అన్నాను.

ఆయన తాడు వదిలి, నా చెయ్యి పట్టుకున్నారు. తియ్యమని అనలేదు నేను.